కురుపాం మార్కెట్ నుంచి సూర్యాబాగ్ దాకా: సోదా వారంట్ కేసులో మేం పెట్టుకున్న లాయర్ ఆఫీసు

విశాఖపట్నం జిల్లా కోర్టు దగ్గర, సూర్యాబాగ్‌లో ఉన్న ఓ క్రిమినల్ లాయర్ ఆఫీసు గురించి రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. వకీళ్ళు ప్రచారం చేసుకోకూడదు, చేయించుకోకూడదు అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వాళ్ళ రూల్ 36 ఉంది. నేను మెచ్చుకోవడం వల్ల ఆయనకి ఇబ్బంది రాకూడదు. బంగారం పని చేసేవాళ్ళు, తాకట్టు కొట్లు నడిపేవాళ్ళు, పాత నగలు కొనేవాళ్ళు ఇది చదవాలి. దొంగతనం కేసులో పోలీసులు మన కొట్టుకి, మన ఇంటికి సోదాకి వస్తే ఆ మర్నాడు లాయర్ని ఏం అడగాలి, ఆయన్నుంచి ఏం ఆశించాలి అన్నది మనలో చాలామందికి తెలీదు.

మా ఆయనది కురుపాం మార్కెట్ సందులో చిన్న కొట్టు. కొత్త నగలు చేయడం తక్కువ, రిపేర్లే ఎక్కువ. తెగిన గొలుసుకి టంకం పెట్టడం, కొలికి మార్చడం, ఉంగరం సైజు తగ్గించడం, మెరుగు పెట్టడం. ఎప్పుడైనా పాత బంగారం కొంటారు. కొన్న ప్రతిసారీ చీటీ రాసి సంతకం చేయించుకుని, ఆధార్ జిరాక్స్ తీసుకుని, ఫోన్ నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు. ఇల్లు వేరే వీధిలో, బురుజుపేట వైపు. కొట్టు డోర్ నంబరు వేరు, ఇంటి డోర్ నంబరు వేరు. ఈ సంగతి తర్వాత చాలా అవసరం పడింది.

నగరంలో ఇంకో స్టేషన్ పరిధిలో ఎవరింట్లోనో తాళం పగలగొట్టి నగలు ఎత్తుకెళ్ళారు. పట్టుబడ్డ కుర్రాడు ఓ గొలుసు మా కొట్లో అమ్మానని చెప్పాడట. పోలీసులు మేజిస్ట్రేటు దగ్గర సోదా వారంట్ తీసుకుని మార్గశిర గురువారం నాడు వచ్చారు. వన్‌టౌన్ ఎరిగినవాళ్ళకి ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ వీధులన్నీ జనమే, కాలు పెట్టే చోటుండదు. కొట్లో వెతికారు. గొలుసూ, అది కొన్నప్పటి చీటీ రెండూ మా ఆయనే తీసిచ్చారు. అక్కడితో సరిపోలేదు. ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి బీరువా తెరిపించారు. మా అమ్మాయి గాజులు, మా అత్తగారి నల్లపూసలు, పండగలోపు ఇచ్చేయాలని ఇంటికి తెచ్చి పెట్టిన కస్టమర్ల రిపేరు నగలు అన్నీ మంచం మీద పరిచి, జాబితా రాసి, పట్టుకుపోయారు. జాబితా కాపీ ఒకటి నా చేతికిచ్చారు. వీధంతా చూసింది. మా అత్తగారు రెండు రోజులు గుమ్మం దాటలేదు.

తెలిసినవాళ్ళు చెప్పగా ముందు వేరే లాయర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన జాబితా వైపు కన్నెత్తి చూడలేదు. "ఇంటికి వారంట్ లేదు కదా, హైకోర్టుకి వెళ్దాం, సోదా కొట్టేయిద్దాం, కేసే ఉండదు" అని అక్కడికక్కడే లక్ష రూపాయలు అడిగారు. ఆ ధీమా చూసి మా మరిది మురిసిపోయాడు. నాకు మాత్రం కాగితం చదవని మనిషి చెప్పే మాట మీద నమ్మకం కుదర్లేదు. పక్క కొట్టు బాబాయ్ గారు ఈ రెండో ఆఫీసు చెప్పారు. ఆయన కొడుక్కి చెక్ బౌన్స్ కేసు ఇక్కడే చూశారట.

మేడ మీద ఆఫీసు, లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. సాయంత్రం ఆరు దాటితే బల్లల మీద చోటుండదు. సీనియర్ గారికి అరవై దాటి ఉంటాయి. ఆయన దగ్గర ఓ జూనియర్ అమ్మాయి, ఓ గుమస్తా. మా వంతు వచ్చేసరికి బాగా రాత్రయింది. కానీ కూర్చున్నాక మమ్మల్ని తొందరపెట్టలేదు. జాబితా కాపీ ఇమ్మని, ఎర్ర పెన్సిల్ తీసుకుని, నోరు మెదపకుండా చివరిదాకా చదివారు. తర్వాత మొదటికొచ్చి గీతలు పెట్టడం మొదలెట్టారు.

"పసుపు రంగు లోహపు గాజులు నాలుగు" అన్నచోట మొదటి గీత. పోలీసు కాగితాల్లో బంగారం అని రాయరు, పరీక్ష కాకముందు అలాగే రాస్తారు, అది తప్పు కాదు అన్నారు. "కానీ తూకం గడి ఖాళీగా ఉందేమమ్మా? ఇంట్లో తూకం వేశారా?" వేయలేదు. కాటా కొట్లో ఉంది, ఇంట్లో లేదు. "గుడ్డలో కట్టి లక్క సీలు వేశారా? చీటీ అంటించి మీ ఆయన చేత సంతకం చేయించారా?" లేదు, ఓ ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నారు. రెండో గీత, మూడో గీత. నాలుగోది మధ్యవర్తుల దగ్గర, అంటే సోదాకి సాక్షులుగా పోలీసులు పిలిచినవాళ్ళ దగ్గర పడింది. సంతకం చేసిన ఇద్దరూ వేరే వార్డు సచివాలయం ఉద్యోగులు. వాళ్ళ పేర్ల పైన ఓ వాక్యం ఉంది: పిలిచినా స్థానికులెవరూ ముందుకు రానందున. ఆయన పెన్సిల్ అక్కడే ఆపి అడిగారు, "ఏ రోజమ్మా అది?" మార్గశిర గురువారమండీ అన్నాను. ఆయన మా ఆయన వైపు చూసి, "మీ వీధిలో ఆ రోజు నిలబడ్డవాళ్ళ పేర్లు పది రాసివ్వండి, కొట్ల వాళ్ళవి, ఇళ్ళ వాళ్ళవి" అన్నారు.

ఆ వాక్యం ఎందుకంత ముఖ్యమో తర్వాత జూనియర్ అమ్మాయి తెలుగులో కూర్చోబెట్టి చెప్పింది. 2024 జూలై 1 నుంచి, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో సోదా ఎలా చేయాలో చెప్పేది సెక్షన్ 103, పాతది 100. ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది పెద్దమనుషుల్ని, కేసుతో సంబంధం లేనివాళ్ళని, పిలిచి వాళ్ళ ఎదుటే వెతకాలి. అలాంటివాళ్ళు దొరక్కపోతేనో, రానంటేనో బయటివాళ్ళని పెట్టుకోవచ్చు. సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్ళని అక్కడ ఉండనివ్వాలి, జాబితా కాపీ ఇవ్వాలి. ఆడవాళ్ళ ఒంటి మీద వెతకాల్సి వస్తే ఆడమనిషే, మర్యాదకి లోటు రాకుండా వెతకాలి. మా విషయంలో కాపీ ఇచ్చారు, నన్ను గదిలో ఉండనిచ్చారు, మా ఒంటి మీద చెయ్యి వేయలేదు. ఆ మాట కూడా చెప్పాలి. సీనియర్ గారు అవి అడిగి మరీ రాసుకున్నారు. మనకి నచ్చనివి మాత్రమే చెబితే జడ్జి గారి ముందు మన మాట తేలిపోతుందన్నారు.

మరి వారంట్? దాని కాపీ కోర్టు నుంచి తీసుకోవడమే ఈ ఆఫీసు చేసిన మొదటి పని. చోరీ సొత్తు ఫలానా చోట ఉందని సమాచారం వస్తే, మేజిస్ట్రేటు విచారించి, నమ్మడానికి కారణం కనబడితే సెక్షన్ 97 కింద వారంట్ ఇస్తారు. ఇది పాత 94. కానిస్టేబుల్ పై ర్యాంకు అధికారికే ఆ అధికారం ఇవ్వాలి. మా వారంట్‌లో ఆ లోటేమీ లేదు. అధికారి ర్యాంకు సరిగ్గా ఉంది, సంతకం ఉంది, కోర్టు ముద్ర ఉంది. కానీ చిరునామా దగ్గర కొట్టు డోర్ నంబరు ఒక్కటే ఉంది. ఇంటి ఊసే లేదు.

ఇక్కడ మా మరిది ఎగిరి గంతేశాడు. "అయితే సోదా చెల్లదు, కేసు కొట్టేస్తారు కదండీ?" అన్నాడు. సీనియర్ గారు చెప్పిన జవాబు కోసమే నేను ఈ సమీక్ష రాస్తున్నానని అనుకోవచ్చు.

"కొట్టేయరు బాబూ" అన్నారు. "సోదా చట్టవిరుద్ధం అయినంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాకుండా పోదు. 1973లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. విషయానికి సంబంధించిన సాక్ష్యమైతే ఎలా వచ్చినా కోర్టు చూస్తుంది. అంతకుముందు 1962లో రాధాకిషన్ కేసులోనూ ఇదే చెప్పారు. చట్టం తప్పి సోదాకి వస్తే ఇంటివాడు అడ్డుకోవచ్చు, ఆ స్వాధీనం గురించిన సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా పరీక్షించవచ్చు, అంతకుమించి ఫలితం లేదు అని. ఇప్పుడు మన చేతిలో ఉన్నది ఆ రెండోదే. ఆ జాగ్రత్తగా పరీక్షించడం అన్న మాటనే పట్టుకుని పని చేస్తాం."

మా మరిది ఊరుకోలేదు. మా ఆడపడుచు కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాట్సాప్‌లో వాడు చెప్పాడట, అమెరికాలో అయితే ఇలాంటి సోదాలో దొరికినదాన్ని కోర్టు బయట పడేస్తుందని. సీనియర్ గారు విసుక్కోకుండా చెప్పారు. అది నిజమే, 1961లో మ్యాప్ వర్సెస్ ఒహాయో కేసు నుంచి అక్కడ రాష్ట్రాల కోర్టుల్లో కూడా ఆ పద్ధతి ఉంది. క్లీవ్‌లాండ్‌లో డాల్‌రీ మ్యాప్ అనే ఆవిడ ఇంట్లోకి పోలీసులు బలవంతంగా దూరి, వారంట్ అని ఓ కాగితం ఆడించి చూపించారు. విచారణలో ఆ వారంట్‌ని ఎవరూ చూపించలేకపోయారు. అయితే అక్కడ కూడా తలుపులన్నీ తెరిచి లేవు. 1984లో లియాన్ కేసులో, పోలీసులు వారంట్ సరైనదే అని నిజాయితీగా నమ్మి నడుచుకుంటే సాక్ష్యం ఉంచుకోవచ్చన్నారు. 1987లో గారిసన్ కేసు అచ్చం మీలాంటిదే అన్నారు. బాల్టిమోర్‌లో ఓ బిల్డింగ్ మూడో అంతస్తుకి వారంట్ ఇస్తే, అక్కడ ఒకటి కాదు రెండు ఫ్లాట్లున్నాయి. పోలీసులు తెలియక పక్క ఫ్లాట్లో వెతికారు. దొరికిన సరుకు సాక్ష్యంగా చెల్లుతుందనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. "అమెరికాలోనే అలా ఉంటే, ఆ రూలే లేని మన దగ్గర నేను మీకు ఆశ పెట్టి డబ్బు తీసుకుంటే పాపం కదమ్మా" అన్నారు. నాకు అప్పుడే ధైర్యం వచ్చింది. గెలుస్తామన్న ధైర్యం కాదు. ఈయన మాకు ఉన్నది ఉన్నట్టు చెబుతారన్న ధైర్యం.

హైకోర్టు వద్దన్నారు. సోదా అయిపోయింది, వారంట్ పని అయిపోయింది, అమరావతి దాకా వెళ్ళి దాన్ని రద్దు చేయించినా గొలుసు గొలుసే, కేసు కేసే. ఆ డబ్బు ట్రయల్‌కి దాచుకోమన్నారు. ముందస్తు బెయిల్ కూడా వేయించలేదు. దొంగ సొత్తు తీసుకున్నారన్న నేరం, అంటే పాత ఐపీసీ 411, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 317లో రెండో క్లాజు, గరిష్ఠంగా మూడేళ్ళ శిక్ష. ఏడేళ్ళలోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు కూడా మా ఆయనకి నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద హాజరు నోటీసే ఇచ్చారు. "నోటీసు ఇస్తే వెళ్ళాలి. ఎగ్గొడితే అరెస్టుకి మనమే దారి చూపించినట్టు" అని, ఇచ్చిన తేదీకి జూనియర్ని తోడు పంపారు. పిటిషన్ వేస్తే వచ్చే ఫీజు వదులుకుని ఈ సలహా ఇచ్చారు. ఒకటి మాత్రం గట్టిగా హెచ్చరించారు. బీఎన్ఎస్ 317లోనే, దొంగ సొత్తు కొనడం అలవాటుగా పెట్టుకున్నవాళ్ళకి యావజ్జీవం దాకా పడే క్లాజు ఇంకోటి ఉంది, మన చీటీల పుస్తకం శుభ్రంగా ఉంటేనే దాని జోలికి రారు అని.

అసలు పని కాపీ అప్లికేషన్లతో నడిచింది. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మా ఊళ్ళో ఇలాంటి కేసులున్న ఎవరికీ ఇది తెలిసినట్టు లేదు.

ఇంటికి వారంట్ లేదు. వారంట్ లేకుండా పోలీసులు ఇంట్లో వెతకకూడదని కాదు. సెక్షన్ 185 ఉంది, పాతది 165. దర్యాప్తు అధికారి, ఫలానా వస్తువు ఫలానా చోట దొరుకుతుందని, ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుందని నమ్మితే, ఆ కారణాలు, వెతికే వస్తువు ఏమిటో ముందే రాసిపెట్టి వెతకవచ్చు. రాసిన ఆ కాగితం కాపీలు 48 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేటుకి పంపాలి. పాత చట్టంలో వెంటనే అని ఉండేది, కొత్త దాంట్లో గంటలు పెట్టారు. ఇంకా, ఆ ఇంటి యజమాని గానీ ఉంటున్నవాళ్ళు గానీ అడిగితే మేజిస్ట్రేటు ఆ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఈ ఉచితంగా అన్న మాట సెక్షన్లోనే ఉంది.

కాబట్టి మా ఆయన పేరు మీద అప్లికేషన్ వేశారు: బురుజుపేటలో మా ఇంట్లో జరిగిన సోదాకి సంబంధించి సెక్షన్ 185 కింద రాసిన కారణాల కాపీ ఇప్పించండి అని. కొన్ని రోజులకి దాని మీద ఎండార్స్‌మెంట్, అంటే కోర్టు రాసిన జవాబు వచ్చింది, అలాంటి రికార్డు కోర్టుకి అందలేదని. ఒకటే ఒక లైను, కింద ముద్ర. జూనియర్ అమ్మాయి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఆంటీ, ఇది మీ బీరువాలో నగల పక్కనే పెట్టండి" అంది. రేపు ట్రయల్‌లో దర్యాప్తు అధికారి బోనెక్కి, ఇంటి సోదాకి కారణాలు నేను అప్పుడే రాశాను అంటే, ఈ కాగితం చూపిస్తారు. అది ఒక్కటే కేసుని పడగొట్టదు. కానీ కారణాలు రాయలేదు, తూకం వేయలేదు, సీలు లేదు, జనం నిండిన వీధిలో స్థానికులు దొరకలేదన్నారు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడితే, స్వాధీనం గురించి పోలీసులు చెప్పేదాన్ని జడ్జి గారు ఎంతవరకు నమ్మాలన్నది ప్రశ్న అవుతుంది. సోదా చెల్లుబాటు మీద పోరాటం అంటే మన దేశంలో ఇదే అని నాకు ఇక్కడ అర్థమైంది.

ఇంకోటి వీడియో. సెక్షన్ 105 కొత్తగా వచ్చింది. సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షులు సంతకం పెట్టడం, మొత్తం ఆడియో వీడియో తీయాలి, వీలైతే మొబైల్‌తోనే, తీసింది ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. మా ఇంట్లో కానిస్టేబుల్ తీశారు, నేను చూశాను. తర్వాత కోర్టు ద్వారా కాపీ వచ్చింది. జూనియర్ అమ్మాయి దాన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా చూసింది. వీడియో మొదలయ్యేసరికే నగలన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి. బీరువా తెరవడం, ఎవరు ఏది ఎక్కడ్నుంచి తీశారు అన్నది ఎక్కడా లేదు. ఓ చోట ఆపి, తెరని పెద్దది చేసింది. వెనక గోడ మీద మా గడియారం రెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. జాబితాలో సోదా ముగిసిన టైము 1:30. "మీ గడియారం కరెక్టుగా నడుస్తుందా ఆంటీ?" అని అడిగింది. నడుస్తుందమ్మా, దాన్ని చూసే మా అమ్మాయి కాలేజీకి వెళ్తుంది అన్నాను. అది కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది. కానీ దీని మీద మరీ ఆశ పెట్టుకోకండి, గడియారం తప్పు అనడం తేలిక అని కూడా చెప్పింది. ఈ పిల్ల పెద్ద లాయర్ అవుతుంది. నేను మనసారా కోరుకుంటున్నాను.

నాకు అన్నిటికన్నా దిగులు కస్టమర్ల నగల గురించి. కేసు ఎన్నేళ్ళు నడిచినా భరిస్తాం. కానీ అనకాపల్లి నుంచి వచ్చే ఒకావిడ, కూతురి పెళ్ళికని గొలుసు అతికించమని ఇచ్చి వెళ్ళింది. ఆవిడకి నీ గొలుసు పోలీస్ స్టేషన్లో ఉందమ్మా అని ఏ మొహంతో చెప్పాలి? మా పనిలో కాటా కన్నా నమ్మకమే పెద్ద పెట్టుబడి.

ముందు వస్తువుల గుర్తింపు జరిగింది. మన రాష్ట్రంలో క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ ప్రకారం అది స్టేషన్లో కాదు, కోర్టులో మేజిస్ట్రేటు ఎదుట జరగాలి. ఒక్కో వస్తువునీ విడివిడిగా, అలాంటివే నాలుగైదు వేరే వాటితో కలిపి పెట్టాలి. చూపించే ముందే, నీ వస్తువుకి గుర్తులేమిటో చెప్పమని అడగాలి. నగలు పోగొట్టుకున్న ఇంటావిడ గొలుసు ఒక్కటి గుర్తుపట్టారు, దాని గుర్తులు ముందే సరిగ్గా చెప్పారు. అది ఆవిడదే. మేం కాదనలేదు, కాదనం కూడా. ఆవిడకి జరిగిన అన్యాయం మాకు జరిగినదానికన్నా పెద్దది. మా ఇంట్లోంచి తీసుకెళ్ళిన వాటిలో ఒక్కటి కూడా ఆవిడ తనదనలేదు.

దాంతో విడుదల పిటిషన్ వేశారు, సెక్షన్ 497 కింద. ఇది పాత 451. దీనికి సీనియర్ గారు ఆధారం చేసుకున్నది 2002 నాటి సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు. బంగారం లాంటి విలువైనవి స్టేషన్లలో మూలుగుతూ ఉండకూడదు, ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండ్ తీసుకుని హక్కుదారుకి ఇచ్చేయాలి, ఏమైనా పదిహేను రోజుల నుంచి నెలకి మించి స్టేషన్లో ఉంచొద్దు అని సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది. కొత్త చట్టంలో దీనికి గడువులు కూడా పెట్టారు. వస్తువు కోర్టు ముందుకి వచ్చాక 14 రోజుల్లో దాని వివరాల పత్రం తయారు చేయాలి, ఫొటోలో వీడియోనో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చేయాలో ఆర్డర్ వేయాలి. రిపేరు చీటీలన్నీ మా ఆయన దగ్గర ఉన్నాయి. కస్టమర్లని ఒక్కొక్కరినీ పిలిచి అఫిడవిట్లు ఇప్పించాం. అనకాపల్లి ఆవిడ అయితే ఎర్రటెండలో బస్సు దిగి వచ్చి, సంతకం పెట్టి, "మీ మీద నాకేం అనుమానం లేదమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆర్డర్ వచ్చింది. బాండ్లు, జామీను ఇచ్చి నగలు తీసుకున్నాం. అన్ని గ్రాములూ సరిపోయాయి. అప్పుడు మాత్రం కోర్టు వాళ్ళే అప్రైజర్‌ చేత తూకం వేయించారు. పెళ్ళిలోపు ఆవిడ గొలుసు ఆవిడకి చేరింది.

ఇక ఈ ఆఫీసులో నాకు నచ్చనివి.

గుమస్తా వ్యవహారం మొదటిది. కాపీ అప్లికేషన్ వేసిన ప్రతిసారీ ఖర్చులు అంటూ చేతిలో డబ్బులడిగారు. ఎంత స్టాంపులకి, ఎంత జిరాక్సులకి అని అడిగితే చిరాకు. ఉచితంగా ఇవ్వాలని చట్టంలో రాసి ఉన్న కాపీకి కూడా అడిగారు. నేను సీనియర్ గారికి చెప్పాక ఆయన అక్కడే తిరిగి ఇప్పించారు, మంచిదే. కానీ చెప్పుకునే చొరవ లేని మనుషుల సంగతేమిటి? రశీదు పుస్తకం పెట్టడం పెద్ద పని కాదు.

రెండోది ఫోను. సీనియర్ గారు ఎత్తరు, గుమస్తా ఎత్తి "వాయిదా పడింది" అని పెట్టేస్తారు. ఎందుకు పడింది, ఏ రోజుకి పడింది చెప్పరు. జూనియర్ అమ్మాయి మా సీఎన్‌ఆర్ నంబరు, అంటే కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్లో చూసుకునే నంబరు రాసిచ్చి, ఈ-కోర్ట్స్ యాప్ మా అమ్మాయి ఫోన్లో ఎక్కించాక ఆ టెన్షన్ తప్పింది. ఈ నంబరు మొదటి రోజే ఇచ్చి ఉంటే ఎంత నయంగా ఉండేది. మీరు ఏ లాయర్ దగ్గరికి వెళ్ళినా ఇది ముందే అడగండి.

మూడోది భాష. పిటిషన్లన్నీ ఇంగ్లీషే, అది కోర్టు పద్ధతి, అర్థం చేసుకోగలను. కానీ సంతకం పెట్టించుకునే ముందు అఫిడవిట్‌లో ఏముందో తెలుగులో చదివి వినిపించాలి. మా అత్తగారి చేత సంతకం పెట్టించేటప్పుడు గుమస్తా పేజీ మడిచి "ఇక్కడ పెట్టండమ్మా" అన్నారు. నేను ఆపి జూనియర్ని పిలిచాను. ఆ అమ్మాయి మొదట్నుంచీ చివరిదాకా చదివి వినిపించింది. అందులో నల్లపూసల బరువు తప్పు పడింది, దిద్దించాం. తూకం రాయలేదని పోలీసుల్ని తప్పుపడుతూ మన కాగితంలోనే తూకం తప్పు పోతే ఎంత చేటో ఆలోచించండి.

ఫీజులు మొదటి రోజే చెప్పారు. మొదటి సంప్రదింపుకి వెయ్యి. నగల విడుదలకి పన్నెండు వేలు, ఎన్ని వస్తువులైనా కలిపి. ట్రయల్‌కి విడిగా, విడతల్లో, సాక్షుల విచారణ మొదలయ్యాకే. మా మార్కెట్‌లో వినే రేట్లతో పోలిస్తే ఇది ఎక్కువేం కాదు. అది కూడా ఇచ్చుకోలేనివాళ్ళకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. హెల్ప్‌లైన్ 15100. ఈ సంగతి కూడా నాకు ఈ సీనియర్ గారే చెప్పారు. ఫీజు ఇచ్చే మనిషికి ఫీజు లేని దారి చూపించే లాయర్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ తగ్గిన ఒకటి గుమస్తా బల్ల దగ్గర పోయింది.

కేసు ఇంకా నడుస్తోంది. గొలుసు విషయం తేలాలి. మా ఆయన అది దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ కొన్నారా అన్నదే అసలు ప్రశ్న. పట్టుబడ్డ కుర్రాడు పోలీసుల ముందు ఏమన్నాడో అది మా ఆయన మీద సాక్ష్యం కాదని సీనియర్ గారు చెప్పారు. అయితే దొంగతనం జరిగిన కొద్దిరోజుల్లోనే సొత్తు మన దగ్గర దొరికితే, ఎలా వచ్చిందో మనం చెప్పుకోలేకపోతే, కోర్టు మనకి వ్యతిరేకంగా అనుకోవచ్చు. అక్కడ చీటీ, ఆధార్ జిరాక్స్, ఆ రోజు మార్కెట్ ధరకి ఇచ్చిన డబ్బు లెక్క, ఇవే మాట్లాడాలి. సగం ధరకి కొన్నవాడికి ఏ లాయరూ సాయం చేయలేడు అని ఆయన మొహమాటం లేకుండా అన్నారు. మధ్యవర్తుల క్రాస్ ఎగ్జామినేషన్ ఇంకా కాలేదు. వాళ్ళ కోసం మేం రాసిచ్చిన పది పేర్ల కాగితం ఆయన ఫైల్లో పైనే ఉంది.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం ఆరులోపు చేరండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, కావాలంటే జూనియర్ కోర్టు ఆవరణలోనే కిందికి వచ్చి కలుస్తుంది. సోదా జాబితా, వారంట్ చూపించి ఉంటే దాని మీద ఉన్న చిరునామా, మధ్యవర్తుల పేర్లు, పోలీసులు వచ్చిన టైము, వెళ్ళిన టైము, వీడియో ఎప్పుడు మొదలెట్టారో, ఇవన్నీ ఆ రోజే కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. చీటీల పుస్తకం అసలుది ఇంట్లో ఉంచి జిరాక్సులు తీసుకెళ్ళండి. అసలుది ఇచ్చినా ఆయన తీసుకోరు, కోర్టు అడిగిన రోజున మీరే మీ చేత్తో ఇవ్వాలంటారు.